రెండో గుమ్మడికాయ

"డిసెంబర్‌ల రెండుసార్లు తీసిన్రు," అన్నాడు నాగరాజ్ మళ్లీ.

నిన్న బ్యాంకులో అచ్చు వేయించుకొచ్చిన పాస్‌బుక్కు మీద అతని వేలు ఉంది. గిరిజమ్మ వంగి చూసింది. చదువు రాని కళ్లకు ఆ వరసలు చీమల బారుల్లా ఉన్నాయి. ఇన్ని చీమల్లో ఏ చీమ తన పద్దెనిమిది వేలు ఎత్తుకుపోయిందో ఆమె ఎట్లా చెప్పగలదు?

"నెలకు ఒక్కసారే తీసిన బిడ్డా. మీ నాయిన చెప్పినట్టే తీసిన."

"మరి పన్నెండు నెలలకు పదమూడుసార్లు ఎట్లయితది?"

అదే ఆమెకూ తెలియడం లేదు.

వంటింట్లో భవాని జొన్నరొట్టె తడుతోంది. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. నిన్న సాయంత్రం నుంచి కోడలు ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలు రోజుల్లో అయితే రొట్టెతో కూడా మాట్లాడే మనిషి. గుండ్రంగా రాకపోతే దాన్నే తిడుతుంది.

నాగరాజ్ గొంతు తగ్గించాడు. కానీ అది వంటింటి దాకా వినిపించే తగ్గింపే.

"రెండే ఉన్నయమ్మా. నువ్వు తీసి మర్చిపోయినవన్నా కావాలె, నీకు తెల్వకుండ తీసిన్రన్నా కావాలె. మూడోది లేదు."

ఏటీఎం మిషన్‌లో నొక్కే నెంబరు ఈ ఇంట్లో ఇద్దరికే తెలుసు. మనవరాలు స్నిగ్ధ పుట్టిన సంవత్సరం అది. గిరిజమ్మకు నోటికి వచ్చు గానీ నొక్కడం చేతకాదు. కార్డు ఆమె బొడ్లో సంచిలో ఉంటుంది, నొక్కే వేలు భవానిది. ఏడాదిగా అత్తా కోడళ్లు అట్లా కలిసి వెళ్లి, కలిసి తెచ్చుకుంటున్నారు.

శనివారం లోపల స్నిగ్ధ కాలేజీకి డెబ్బై రెండు వేలు కట్టాలి. కట్టకపోతే నర్సింగ్ రెండో ఏడు పరీక్షకు కూర్చోనివ్వబోమని సంగారెడ్డి నుంచి ఫోను వచ్చింది. ఖాతాలో ఉన్నవి యాభై నాలుగు వేలు. సరిగ్గా ఒక నెల పైసలు తక్కువ.

మనవరాలి ఫీజు కట్టలేకపోవడం ఒక భయం. దానికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది, అది గిరిజమ్మ పైకి చెప్పుకోలేదు. ఆమె అత్త చివరి రోజుల్లో అన్నం తిని చెయ్యి కడుక్కుని, ఆ తడి ఆరకముందే ఇంకా నాకు అన్నం పెట్టలేదేందే అని అడిగేది. మొదట అందరూ నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు.

"కార్డు నాకియ్యి," అన్నాడు కొడుకు. "తప్పు నీది కాదమ్మా, వయసుది. నెలనెల నేనే తెచ్చి నీ చేతుల పెడత."

ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ప్రేమ వెనక మొగుడంపల్లి తొవ్వలో ప్లాట్లు కూడా ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు. మూడు నెలలుగా అతను బ్యాంకులోని డిపాజిట్ మీద కన్నేసి ఉన్నాడు. మోటార్లు చుట్టే దుకాణంలో వచ్చేది దుకాణం కిస్తులకే సరిపోతోంది. ఆ పైసలు బ్యాంకులో పండుకోని ఏం చేస్తున్నయి, ప్లాట్ల మీద పెడితే రెండేళ్లకు రెట్టింపయితయి అని చెప్పని రోజు లేదు.

గిరిజమ్మ చెయ్యి తెలియకుండానే బొడ్లో సంచి మీదికి పోయింది.

"మహాదేవప్ప కాక వస్తున్నడు న్యాల్‌కల్ నుంచి," అన్నాడు నాగరాజ్ చెప్పులు వేసుకుంటూ. "నేనే పిలిచిన. మాపటికి ఏదో ఒకటి తేల్చాలె."

గడప దాటుతూ వంటింటి వైపు చూశాడు. రొట్టె చప్పుడు ఆగలేదు.

* * *

కొడుకు వెళ్లాక గిరిజమ్మ చాట తెచ్చుకుని, డబ్బాలోంచి శనగలు పోసుకుంది.

ఇది పెనిమిటి చెన్నబసప్ప నేర్పిన లెక్క. పొలం రోడ్డు కింద పోయి పరిహారం చేతికొచ్చాక వాళ్లు ఊరు విడిచి జహీరాబాద్ వచ్చారు. ఈ ఇల్లు, బస్టాండ్ రోడ్డులో దుకాణాలకు కిరాయికిచ్చే రెండు ముల్గీలు కొనగా మిగిలింది బ్యాంకులో వేశారు. నెలకింత అని తీసుకుని తినడం వాళ్లకు కొత్త. ఊళ్లో పంట వస్తే గుమ్మి నిండేది, గుమ్మి అడుగు కనిపిస్తే చేయి బిగపట్టేవాళ్లు. ఇప్పుడు గుమ్మి లేదు. అడుగు ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

పోయిన ఉగాదికి ముందు మంచం పట్టిన చెన్నబసప్ప పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చాటలో శనగలు పోయించాడు. ఒక్కో గింజ వెయ్యి రూపాయలన్నాడు. బ్యాంకు వడ్డీ పదిహేను గింజలు, ముల్గీల కిరాయి తొమ్మిది. వాటిని కలిపి ఒక కుప్ప చేశాడు. కుప్పలోంచి బియ్యానికీ జొన్నలకూ మూడు తీశాడు. పాలకు మూడు, కిరాణానికి అయిదు, కూరగాయలకు రెండు, కరెంటుకూ గ్యాసుకూ రెండు. తన మందులకని ఒకటి తీసి, కొంచెం ఆలోచించి, నేను పోయినంక ఇది నీ మందులకు అన్నాడు. పిల్ల చేతి ఖర్చుకు ఒకటి. వచ్చేపోయే చుట్టాలకూ పండుగలకూ ఒకటి.

కుప్పలో ఆరు మిగిలాయి. వాటి మీద అరచెయ్యి పెట్టి మూశాడు.

"ఇవి పిల్లవి. ఆకాశం ఊడిపడ్డా ముట్టకు. నెలకు పద్దెనిమిదే తీయి, గీ ఆరు అట్లనే ఉండనియ్యి. సాలు తిరిగేవరకు దాని ఫీజయితది."

ఆ వేసవి దాటలేదు ఆయన. లెక్క మాత్రం గిరిజమ్మ చేతుల్లో ఉండిపోయింది. ఊళ్లో అమాస్యకు అమాస్యకు జీతగాళ్లకు జొన్నలు కొలిచి పోసిన చేతులు, ఒక్క గింజ అటూ ఇటూ కానివ్వని చేతులు అవి.

ఇప్పుడు ఆ చేతులతోనే ఆరేసి గింజలు పన్నెండు కుప్పలు పెట్టింది. అన్నీ కలిపి లెక్కపెట్టింది. డెబ్బై రెండు వచ్చాయి. కలిపేసి మళ్లీ పెట్టింది. మళ్లీ డెబ్బై రెండే. చాటలో ఉన్న పైసలు బ్యాంకులో లేవు. మధ్యలో ఒకటి రెండు నోట్లో వేసుకున్నానేమోనని అనుమానమొచ్చి, నాలుకతో పళ్లు కూడా తడిమి చూసుకుంది.

భవాని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"భవానీ, డిసెంబర్ అంటే ఏ నెల?"

"చలి నెల అత్తమ్మా." నిన్నటి నుంచి అదే మొదటి మాట.

"ఆ చలి నెలల మనం మిషన్ కాడికి ఎన్నిసార్లు పోయినం?"

భవాని చాటలోకి, కుప్పల వైపు చాలాసేపు చూసింది. గిరిజమ్మకు ఆ ఆలస్యం నచ్చలేదు. ఒక్కసారని చెప్పడానికి అంత ఆలోచన ఎందుకు?

"ఎప్పుడు పోయినా నువ్వు పిలిస్తేనే గద నేనొచ్చింది," అంది చివరికి.

అది అబద్ధం కాదు. కానీ అడిగినదానికి జవాబూ కాదు. ఏడాదంతా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించిన మనిషి ఇప్పుడెందుకు చెయ్యి వదిలి నడుస్తోందో గిరిజమ్మకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నోట్లోకి రాకూడని మాటే వస్తుంది.

"మీ తమ్ముని బోరు చలి నెలల్నే గద ఎండింది?"

అన్నాక నాలుక కరుచుకుంది.

రాయికోడ్‌లో భవాని తమ్ముడు బస్వరాజ్ బోరు ఎండిపోయి, కొత్తది వేయించడానికి చేయి చాచని గడప లేదు. ఆ సంగతి నిన్న నాగరాజ్ ఎత్తాడు. గిరిజమ్మ అప్పుడు కొడుకు మీద కోప్పడింది కూడా. ఇప్పుడు అదే మాట తన నోట్లోంచే వచ్చింది.

భవాని కొంగు నడుముకు దోపుకుంది.

"నువ్వొక్కదానివి అడగవు అనుకున్న," అంది. "నువ్వూ అడిగినవ్, అయిపాయె."

వంగి చాట ఎత్తుకుంది. వంటింట్లోకి పోయి, శనగలన్నీ గిన్నెలో పోసి పైనుంచి నీళ్లు పోసింది. రాత్రికి గుగ్గిళ్లు చేస్తానని లోపలి నుంచే చెప్పింది.

మనవరాలి డెబ్బై రెండు వేలూ నీళ్లలో మునిగాయి. గిరిజమ్మ ఒట్టి చేతులతో కూర్చుండిపోయింది.

* * *

ఎంతసేపని కూర్చుంటుంది? కొంగు తల మీదికి లాక్కుని ముల్గీల దగ్గరికి బయలుదేరింది. మొదటి ముల్గీలో సంగప్పది టైర్ల దుకాణం. నెలకు నాలుగున్నర వేల కిరాయి. నాలుగు నెలలది ముందే ఇస్తే ఫీజు గట్టెక్కుతుంది. మాపటికి మరిది వచ్చేలోపు పైసలు చేతిలో ఉంటే, ఎవరు తీశారన్న మాట దానంతట అదే చల్లారుతుందేమోనని ఆశ.

సంగప్ప గాలి ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. ట్యూబు బయటికి తీసి, నూనెగుడ్డతో నెమ్మదిగా తుడిచాడు. అంత నెమ్మదిగా తుడిచాడంటేనే ఇవ్వడని ఆమెకు తెలిసిపోయింది.

నాలుగు నెలలది ఒక్కసారి అంటే తన వల్ల కాదన్నాడు. గిరాకీ లేదు. కొత్త రోడ్డు పడ్డాక పంక్చర్లు కూడా సరిగ్గా అవడం లేదని బాధపడ్డాడు. అట్లా ఖర్చులన్నీ ఒక్కొక్కటే ఏకరువు పెడుతూ, దుకాణం ముందు ఉట్టిలో వేలాడుతున్న బూడిద గుమ్మడికాయ దగ్గరికి వచ్చాడు.

"గీ గుమ్మడికాయ కన్న నువ్వే నయం అవ్వా. నువ్వు సాలుకు పన్నెండు కిరాయిలే అడుగుతవు. ఇది పదమూడు అడిగింది."

గిరిజమ్మకు ఆ అంకె చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

"పదమూడేంది?"

"అమాస్యకు ఒకటి కొడుత గద, దిష్టికి. కిరాయి ఇంగ్లీషు తారీఖు మీద నడుస్తది, గుమ్మడికాయ అమాస్య మీద నడుస్తది. డిసెంబర్‌ల రెండు వచ్చినయి. ఒకటో తారీఖు ఆదివారం ఒకటి కొట్టిన. మళ్ల నెలాఖరుకు సోమవారం ఒకటి. కూరగాయలామె సుత నవ్వింది, నీ దుకాణానికి ఒక్క నెలల రెండు దిష్టులేంది సంగప్పా అని."

అతను నవ్వాడు. గిరిజమ్మ నవ్వలేదు. దుకాణం ముందున్న పాత టైరు మీద కూలబడింది.

సోమవారం అమాస్య. ఝరాసంగం పోయింది ఆ రోజు. గుళ్లో కాలు పెట్టే జాగా లేదు. వచ్చేటప్పుడు బస్సు దిగి నేరుగా మిషన్ దగ్గరికే పోయారు. భవాని నుదుటిన విభూతి ఇంకా అట్లనే ఉంది, కార్డు పెడుతుంటే రాలి మిషన్ మీద పడింది. గిరిజమ్మ కొంగుతో తుడిచింది.

ఆదివారం అమాస్య. అది వేరే రోజు. ఇంటి దగ్గరి మిషన్‌లో పైసలు లేవు. బస్టాండ్ దాకా నడిచారు. చలిగాలికి భవాని తన శాలువా తీసి అత్త భుజాల మీద కప్పింది.

రెండూ గుర్తున్నాయి. మిషన్ బయటికి తోసిన నోట్ల వెచ్చదనంతో సహా గుర్తున్నాయి. తల స్నానం, పూజ, తరువాత మిషన్. ప్రతి అమాస్యకూ అంతే. ఊళ్లో జీతగాళ్లకు కొలిచినట్టే, ఊళ్లో కిరాణం బాకీ తీర్చినట్టే. నెల అంటే ఆమెకు అమాస్య నుంచి అమాస్య. చెన్నబసప్పకూ అంతే. వడ్డీ వేసే బ్యాంకుకూ కిరాయి ఇచ్చే సంగప్పకూ నెల ఇంకోటని ఆ చాట ముందు కూర్చున్న ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మతి పోలేదు. ముందు ఆ ఒక్కటే అనిపించింది. గుండెల మీద నుంచి రాయి దింపినట్టయి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంగప్ప కంగారుపడి, పోనీ ఒక నెలది ఇస్తాలే అవ్వా అన్నాడు.

ఆ తరువాత రెండోది తోచింది. తీసింది తనే. మునిమాపు లోపల ఆ మాట మరిది ముందు చెప్పాలి. చెబితే కొడుకు ఏమంటాడో కూడా తెలుసు. నెలలే లెక్కపెట్టరాని మనిషి దగ్గర కార్డెందుకంటాడు. కార్డు పోతే దాని వెనకే నేడో రేపో డిపాజిట్ కూడా పోతుంది. డిపాజిట్ పోతే ఆ ఆరు గింజలు ఎక్కడి నుంచి వస్తాయి?

చెప్పకపోతే భవాని దొంగ.

ఆటో ఎక్కింది గానీ ఇల్లు ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియలేదు. దిగమని డ్రైవరు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

* * *

మహాదేవప్ప అప్పటికే వచ్చి కూర్చున్నాడు. చెన్నబసప్ప తమ్ముడు. ఎవరింట్లో తగువైనా టవల్ దులిపి భుజం మీద వేసుకుని వస్తాడు, చాయ్ తాగి, నలుగురినీ నవ్వించి పోతాడు. ఈరోజు మాత్రం చాయ్ కప్పు చేతిలోనే చల్లారిపోయింది.

గోడకు ఆనుకుని నాగరాజ్ నిలబడి ఉన్నాడు. మధ్యలో పీట. పీట మీద పసుపు గుడ్డలో నోట్లు.

"రా వదినా, కూసో," అన్నాడు మహాదేవప్ప. "నీ ఫికర్ తీరింది. నీ మతి మంచిగనే ఉన్నది."

ఏం జరిగిందో అతనే చెప్పాడు. తాను వచ్చి కూర్చోగానే ఎవరూ అడగకముందే కోడలు ఈ మూట తెచ్చి పీట మీద పెట్టిందట. ఆ పద్దెనిమిది వేలు నేనే తీసిన, ఇగో మళ్ల పెట్టిన, పిల్ల ఫీజు కట్టుండ్రి అందట. ఎందుకు తీశావంటే మాత్రం నోరు విప్పలేదట. తిరిగి పెట్టింది కాబట్టి ఇంతటితో సరి అని తన మాటగా చెప్పాడు. చెబుతూ నాగరాజ్ వైపు చూసి, సరి అవుతుందో లేదో తెలియనట్టు గొంతు సవరించుకున్నాడు.

గిరిజమ్మ పీట మీది మూట వైపు వంగింది. తీయని పైసలు తీశానని ఒప్పుకోవడమేంది? ఒప్పుకుంటే ఒప్పుకుంది, ఈ పైసలు ఎక్కడివి? చెప్పాలని దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ చెదిరిపోయాయి.

"మంచినీళ్లు," అని వంటింట్లోకి పోయింది.

భవాని చెంబు అందిస్తూ, ఆమె మణికట్టు పట్టుకుంది.

"నువ్వేం మాట్లాడకు అత్తమ్మా."

"ఎందుకట్ల చెప్పినవే?"

"కార్డు నీ కాడనే ఉండాలె. ఆయన చేతికి పోయిందంటే మొగుడంపల్లి తొవ్వల మట్టయితది. పిల్ల సదువు ఆడ్నే ఆగుతది."

"మరి నీ పేరు?"

"నా పేరు నిన్ననే పాయె. పోయినదాన్ని ఇంకోసారి పోగొట్టుకునేదేమున్నది?"

గిన్నెలో శనగలు అప్పుడే ఉబ్బడం మొదలుపెట్టాయి. గిరిజమ్మ వాటినే చూస్తూ నీళ్లు తాగింది. ఈ పిల్లకు రెండు అమాస్యల సంగతి తెలుసా? పొద్దున కుప్పల వైపు అంతసేపు చూసింది అందుకేనా? అడగబోయింది. ముందు గదిలోంచి నాగరాజ్ గొంతు వినిపించింది.

పైసలు పెట్టినంత మాత్రాన అయిపోదన్నాడు. ఇయ్యాల పద్దెనిమిది వేలు, రేపు ఇంకోటి. తమ్ముని బోరుకు నీళ్లు పడాలంటే మా ఇంటి పైసలే కావాలా అన్నాడు. కాక వారిస్తున్నా ఆగలేదు.

"రాయికోడ్ పోయి ఉండు. నేను పిలిచిన్నాడు రా."

భవాని గదిలోకి పోయి రెగ్జిన్ సంచితో బయటికి వచ్చింది. సంచి జిప్పు ఎప్పుడో పాడైంది, మధ్యలో పిన్నీసు పెట్టి ఉంది. మహాదేవప్పకు వంగి దండం పెట్టింది. అత్త వైపు మాత్రం చూడలేదు.

మహాదేవప్ప, నాలుగు రోజులు పుట్టింట్ల ఉండి రానియ్యి, ఇద్దరూ చల్లబడతరు అన్నాడు. అన్నవాడికే ఆ మాట మీద నమ్మకం లేదు.

గిరిజమ్మ బొడ్లో సంచి మీద చెయ్యి వేసి నిలబడింది. నోరు మూసుకుంటే చాలు. ఫీజు కట్టొచ్చు. కార్డు ఉంటుంది. ఆరు గింజలు ఉంటాయి. కోడలు నాలుగు రోజుల్లో వస్తుంది, లేదా నలభై రోజుల్లో.

భవాని గడప మీద కాలు పెట్టింది.

"ఆగు," అంది గిరిజమ్మ.

బొడ్లో సంచి మీది నుంచి చెయ్యి తీసింది.

"అవి కోడలు తీయలేదు. రెండుసార్లూ నేనే తీసిన. ఆ నెలల రెండు అమాస్యలు వచ్చినయిరా నాగరాజ్. ఒకటో తారీఖు ఒకటి, నెలాఖరుకు ఒకటి. నేను అమాస్యకే తీస్త. నాకు నెలంటే గదే."

మహాదేవప్ప కప్పు కింద పెట్టి బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకోసాగాడు. సోమవారం అమాస్య దగ్గర ఆగి, నిజమే, ఆ రోజు నేను కూడ ఝరాసంగంల ఉన్న అన్నాడు. నవ్వబోయాడు. అన్న కూడా గంతే వదినా, తారీఖు అడిగితే చంద్రుణ్ణి చూసెటోడు అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు.

నాగరాజ్ పాస్‌బుక్కు తెరిచి వేలు పెట్టి చూశాడు. ఒకటో తారీఖు. ముప్పయ్యో తారీఖు. మెల్లగా తల ఎత్తాడు.

"అంటే నెలలు సుత తెల్వకుండనే ఏడాదంతా..." అని చెయ్యి చాచాడు. కార్డు కోసమే. ఆమె ఇవ్వడానికే సంచి ముడి విప్పసాగింది. మాట చెప్పాక ఇంక దాచుకోవడమెందుకనిపించింది.

అప్పుడు అతని చూపు పీట మీద పడింది. చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వే తీసినవంటే," అన్నాడు నెమ్మదిగా, "మరి ఇవి ఎక్కడివి?"

అందరూ గడప వైపు చూశారు.

గిరిజమ్మ వంగి పసుపు గుడ్డ చేతిలోకి తీసుకుంది. యాభైలు, వందలు, అక్కడక్కడ ఒక అయిదు వందలు. ఒక్కోటి ఒక్కోలా మడతపెట్టి ఉంది. ముక్కు దగ్గరికి రాకముందే వాసన తెలిసిపోయింది. జొన్నల డబ్బా వాసన. పాలల్లో పదీ, కిరాణంలో ఇరవయ్యీ, తన కళ్ల ముందే, తన గింజల్లోంచే ఏరి దాచిన పైసలు. కోడల్ని కాపాడదామని చెప్పిన మాట దాన్ని ఇంకో గోతిలోకి తోసిందని అప్పుడర్థమైంది.

భవాని గడప మీదే నిలబడి ఉంది. రెండు అమాస్యల మాటకు అందరి మొహాలూ మారాయి, ఆమెది మాత్రం మారలేదు. అత్త వైపు ఒక్కసారి చూసింది. మాట్లాడొద్దన్న గద అన్నట్టున్నాయి ఆ కళ్లు.

"ఎందుకు దాచినవే?" అనలేకపోయింది గిరిజమ్మ. ఆమె చూపు కోడలి చేతిలోని సంచి మీద నిలిచిపోయింది. పిన్నీసు పక్క నుంచి బట్ట కొస ఒకటి బయటికి వచ్చి ఉంది.

బయట ఉగాది దాటిన ఎండ ఆకుల్ని కూడా కదలనివ్వడం లేదు. నాలుగు రోజులకు పుట్టింటికి పోయే మనిషి ఈ ఎండల్లో శాలువా సర్దుకోదు.

అది ఆ ఆదివారం తన భుజాల మీద కప్పిన శాలువానే. ఆ సంచి ఈరోజు సర్దింది కాదు, ఆ చలి నెలల్లో ఎప్పుడో సర్దింది. ఆ పైసలు కూడా ఇల్లు విడిచి పోవడానికి దాచుకున్నవే.